సూర్యాస్తమయానికి వాపసు

ఆకు 1. సోమవారం

సవరణ అర్జీ 409. అర్జీదారు తాడి వరహాలమ్మ, వయసు అరవై మూడు, కరకట్ట దళం కచేరీలో రాతపని చూసి హవల్దారుగా విరమించినవారు. కోరిక: ముప్పై ఒక్క ఏళ్ళ క్రితం, తవ్వోడల యుద్ధం ఆగిన వారంలో తమకు ఇచ్చిన కట్టతార పతకాన్ని సేవా దస్త్రంలో చేర్చాలి. పరిశీలకుడు చిట్టూరి సదాశివం, అంటే నేను. ప్రతి అర్జీకీ పరిశీలకుడు రోజుకొక ఆకు రాయాలన్న నియమం మేరకు ఇది మొదలుపెడుతున్నాను.

ఉదయం ఆటుకు మా కచేరీ పడవ రెండు మూరలు దిగింది. తాళ్ళు వదులు చేసి, నిన్న తడిసిన తాటాకు కట్టలకు నిమ్మగడ్డి నూనె పట్టించి ఎండలో పెట్టాను. గిడ్డంగి గుమస్తా పట్టాభి దగ్గర నా గంటం తీసుకుని చీటీ మీద వేలిముద్ర వేశాను: "ఇనప గంటం ఒకటి, సూర్యాస్తమయానికి వాపసు." తవ్వోడలు, అంటే కాలువలు తవ్వే ఆ యంత్రపు ఓడలు, లోహం ఆచూకీ పట్టి, అక్కడేదో పాత గొట్టం పూడుకుపోయిందనుకుని, పైనున్న ఊరితో సహా తవ్వేసిన రోజుల్లో పుట్టిన నియమమిది. తవ్వోడలు ఆగిపోయాయి గాని నియమం ఆగలేదు. తెరలూ తీగలూ మానేసి మనం తాటాకుకు మళ్ళినదీ అప్పుడే. ఆకు మీద గీసిన అక్షరాన్ని, దగ్గరకు తీసుకెళ్ళి చూపిస్తే తప్ప, ఏ యంత్రమూ చదవలేదు.

తొమ్మిది గంటలకు దిగుడుబల్ల దగ్గర గొడవ వినిపించి బయటకు వెళ్ళాను.

"ముక్కుపుడక తీసి ఇక్కడ పెట్టండి, మామ్మగారూ," అంటున్నాడు పట్టాభి.

"ముప్పయ్యేళ్ళ నించీ ముక్కుని పట్టుకునుంది. రానంటంది. నువ్వు తీస్తావా? రా, తియ్యి."

పట్టాభి ఒక అడుగు వెనక్కు వేసి, కొంతసేపు ఆలోచించి, చీటీ రాసి ఆమె చేతికిచ్చాడు: "ముక్కుపుడక ఒకటి, ముక్కుతో సహా లోపలికి అనుమతి. సూర్యాస్తమయానికి బయటకు."

ఆమె చీటీని రెండుసార్లు చదివింది. "సూర్యాస్తమయానికి నా ముక్కు బయటికి రాకపోతే ఏం చేస్తావురా?"

"నోటీసు పంపుతామండి," అన్నాడు పట్టాభి. అతను హాస్యమాడే మనిషి కాదు.

ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. పతకం చూపించమని అడిగాను. చూపించడానికి లేదన్నారు. పోయిందా అంటే పోలేదన్నారు. ఇంట్లో ఉందా అంటే ఇంట్లో లేదన్నారు. మూడో ప్రశ్నకు ఏటివైపు ముఖం తిప్పుకున్నారు. నేను ఆ ప్రశ్నను పక్కన పెట్టి వేరొకటి అడిగాను.

"ముప్పై ఒక్క ఏళ్ళు ఊరుకుని ఇప్పుడెందుకమ్మా?"

"శుక్కురారం పాతమొగ కట్ట మీద కొత్త స్మారకం రాయి చెక్కుతున్నారు కదా బాబూ. పాతది ఉప్పుగాలికి తినేసింది. మీ దస్త్రాల్లో ఉన్న పేర్లే చెక్కుతారంట. ప్రశంసా ఆకుల్లో ఎవరి పేరుంటే వాళ్ళనీ చెక్కుతారంట. నా పతకానికి ప్రశంసా ఆకు ఉంటే, అందులో మోకా పోలిరాజు పేరుంటాది."

పోలిరాజు దళం మనిషి కాడు. చేపల పడవవాడు. యుద్ధం చివరి రోజున ఈమెను తవ్వోడ దగ్గరకు తన పడవలో తీసుకువెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో పడవ సుడిలో చిక్కింది; ఈమె బయటపడ్డారు, అతను పోయాడు. శవం దొరకలేదు. ఏ దస్త్రంలోనూ పేరు లేనివాడు కనుక పాత రాయి మీదా లేడు.

"ఆడి కూతురు ధనకొండకి అప్పుడు మూడేళ్ళు. 'మా నాన్న దొంగ చేపలకి పోయి మునిగాడంట కదా పిన్నీ' అని నన్నే అడిగిద్ది. నేను చెబితే నా ప్రేమకొద్దీ చెబుతున్నాననుకుంటాది. రాయి మీదుంటే నమ్ముద్ది. పతకం మీరే ఉంచుకోండి బాబూ, నాకా పేరు చాలు."

శుక్రవారానికి నాలుగు రోజులుంది. శిల్పికి ఇచ్చే ఉలి కూడా ఒక్క పగటికే ఇస్తారు. సాయంత్రం ఆమె ముక్కు నియమబద్ధంగా బయటకు వెళ్ళింది.

ఆకు 2. మంగళవారం

వరహాలమ్మగారి సేవా కట్ట విప్పాను. తొంభై రెండు ఆకులు. పంటినొప్పి సెలవులు రెండు. అక్షర దోషాలున్న ఉత్తర్వును పై అధికారికి తిప్పి పంపినందుకు మందలింపు ఒకటి. అదే ఉత్తర్వును దిద్దుకుని మళ్ళీ పంపినందుకు ఆ అధికారికి ఈమె తెలిపిన కృతజ్ఞత ఒకటి. దానికి మందలింపు మరొకటి. పతకం లేదు.

పదకొండు గంటలకు పట్టాభి గిడ్డంగిలోంచి పరుగెత్తుకొచ్చాడు. అతను పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

"సార్! ఆవిడేనండి! ఆ ముక్కుపుడక ఆవిడే! ముప్పై ఒక్క నోటీసులు పంపామండి!"

అతని చేతిలో ఆమె సామానుల పట్టీ ఉంది. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను: "దోమతెర ఒకటి. కొయ్య చెంబు ఒకటి. లోహపు బిళ్ళ, రిబ్బనుతో, ఒకటి. ఉదయం పది గంటలకు ఇచ్చినది, సూర్యాస్తమయానికి వాపసు. కొయ్య పార ఒకటి." చెంబు, పార, దోమతెర వాపసు వచ్చాయి. బిళ్ళ రాలేదు.

విషయం అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. పతకం లోహం. దళంలో లోహం ఏదైనా సాయంత్రానికి గిడ్డంగికి చేరాలి. కనుక పతకాలను ఉదయం పదింటికి మెడలో వేసి, చప్పట్లు కొట్టి, సూర్యుడు దిగేలోపు వెనక్కు తీసుకునేవారు. వాపసు అందిన తర్వాతే ప్రశంసా ఆకు రాసి కట్టలో గుచ్చేవారు. ఆ రోజు పతకాలు పొందిన పన్నెండుమందిలో పదకొండుమంది బుద్ధిగా ఇచ్చేసి వెళ్ళారు. వాళ్ళ ఆకులు కట్టల్లో ఉన్నాయి. వాళ్ళ పతకాలు గిడ్డంగిలో ఒక కుండలో ఉన్నాయి. పట్టాభి వాటిని నూనె తూచేటప్పుడు రాళ్ళుగా వాడుతున్నాడు. బరువు చాలా ఖచ్చితం అని చెప్పాడు.

వరహాలమ్మగారు ఇవ్వలేదు. అందుకని ఆమె ఆకు రాయనే లేదు.

మధ్యాహ్నం ఆమెకు పట్టీ చూపించాను. "నోటీసులు అందలేదా అమ్మా?"

"ఎందుకందలేదు? ఏటా ఒకటి, ఎండాకాలం మొదట్లో. మంచి ఆకు. చదివేసి విసురుకునేదాన్ని."

ప్రశంసా ఆకు ఇప్పుడు కొత్తగా రాయాలంటే ఘటనను కళ్ళారా చూసిన ఇద్దరు సాక్షులు కావాలి. ఆనాటి దళపతి పోయారు. పోలిరాజు పోయాడు. కట్ట మీద ఉన్న మిగతావారికి కనిపించినది వాన ఒక్కటే. ఈ ఇబ్బందిని శాఖాధికారి అహ్మదున్నీసా గారి ముందు పెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని నియమావళిని నోటితో తిరగేశారు.

"ఇరవై రెండో నియమం. శత్రుపక్షం సాక్ష్యం ఇద్దరు స్వపక్షీయుల సాక్ష్యంతో సమానం. మెచ్చుకోవాల్సిన అవసరం శత్రువుకు లేదు కనుక." కళ్ళు తెరిచారు. "శత్రువు ఎక్కడున్నాడు?"

"పాతమొగలోనండి. కూర్చునే ఉంది."

"అయితే వెళ్ళి పలకరించి రండి. మర్యాదగా మాట్లాడండి, ఎంతైనా పెద్దది."

ఆకు 3. బుధవారం

పాతమొగకు అద్దె పడవలో వెళ్ళాను. పడవ నడిపినామె ధనకొండ. అర్జీ సంగతి ఆమెకు తెలియదు. పరిశీలకుడిగా నేను చెప్పకూడదు. దారంతా ఆమె నా ఆకుల పెట్టె తడవకుండా తన గోనెపట్టా కప్పి, తను తడిసింది.

పదిహేడో నంబరు తవ్వోడ ఏటిమొగలో మేడంత ఎత్తున కూర్చుని ఉంది. దాని తవ్వుడు చేతుల మీద వలలు ఆరేసి ఉన్నాయి. నడుముకు మూడు గేదెలు కట్టి ఉన్నాయి. ఇక్కడివారు దాన్ని పదిహేడు గారు అంటారు.

"పదిహేడు గారూ, కచేరీ నించి ఎవరో వచ్చారండీ!" అని ధనకొండ కేకేసింది.

"స్వాగతం," అంది తవ్వోడ. గొంతు పెద్ద ధాన్యపు గాదెలోంచి వస్తున్నట్టుంది. "పని పూర్తయింది."

అది ప్రతివారితోనూ మొదట ఆ మాటే అంటుందట. ముప్పై ఒక్క ఏళ్ళ క్రితం అనలేక అలమటించిన మాట అది. తవ్వోడలను కాలువ తవ్వడానికి తయారు చేశారు. పని పూర్తయిందని ఇంజనీరు సంతకంతో, గుమస్తా సాక్షి ముద్రతో ధ్రువపత్రం చూపిస్తేనే అవి ఆగాలి. ధ్రువపత్రం ఇవ్వవలసిన ఇంజనీరు కచేరీని మొదటి వారంలోనే అవే తవ్వేశాయి. ఆ తర్వాత దళం ఫిరంగులు కాల్చింది, గొలుసులు వేసింది, బతిమాలింది. యుద్ధమంతా అంతే. చివరకు రాతపని చూసే హవల్దారు ఒకామె, ఆ పత్రం నమూనాను పాత కట్టలో చూసి, తాటాకు మీద గీసుకుని, వానలో పడవెక్కింది.

తవ్వోడ సాక్ష్యం చెప్పింది. క్లుప్తంగా రాస్తున్నాను. మధ్యాహ్నం రెండు గంటలకు కట్ట నుంచి ఒక పడవ వచ్చింది. అలలు మనిషి ఎత్తున ఉన్నాయి. పడవవాడు తవ్వుడు చేతుల కింద నుంచి రెండుసార్లు తప్పించుకుని, మూడోసారి పడవను తవ్వోడ పక్కకు ఆనించాడు. హవల్దారు ఎక్కి పత్రం చూపింది. పత్రం సక్రమంగా ఉంది. అందులో ఒక్క అక్షర దోషం కూడా లేదు. పని పూర్తయింది. మిగిలిన నలభై తవ్వోడలకు ఆ సమాచారం తవ్వోడ తానే పంపింది.

"శత్రుపక్షంగా మీ అభిప్రాయం?" అని నియమం ప్రకారం అడిగాను.

"ఆమె వచ్చినందుకు కృతజ్ఞుణ్ణి. నేను చాలా అలసిపోయి ఉన్నాను."

ఇంతకన్నా మంచి సాక్ష్యాన్ని ఈ శాఖలో ఎవరూ నమోదు చేసి ఉండరు. ఆకు పెట్టెలో పెట్టి లేవబోయాను. అది నన్ను ఆపింది.

"మీరు దస్త్రాల శాఖవారు కదా. ఒక చిన్న సందేహం. ధ్రువపత్రంలో సంతకందారు నియామక సంఖ్య, సాక్షి నియామక సంఖ్య అనే రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. దస్త్రాల శాఖవారు ఎవరైనా వస్తే అడుగుదామని వేచి ఉన్నాను. ఎవరూ రాలేదు. మీరు వచ్చారు."

నేను కూర్చున్నాను.

"సంతకందారు ఇంజనీరేనా? సాక్షి గుమస్తాయేనా?"

అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. కచేరీలో చూసి చెబుతానన్నాను.

"తప్పకుండా. ఆక్షేపణ నమోదు చేస్తున్నాను. గడువు మూడో సూర్యాస్తమయం, ఈ రోజుతో కలిపి. సమాధానం రాకపోతే ధ్రువపత్రం చెల్లదు. పని పునఃప్రారంభించవలసి ఉంటుంది. మిగతా నలభైకీ ఇప్పుడే తెలియజేశాను. తొందరపడకండి." కొంచెం ఆగి, "నాకు పడమరగా పదకొండు బారల దూరంలో, నీటి అడుగున, ఒక లోహపు వస్తువు కూడా ఉంది. పని పూర్తయినందున తవ్వలేదు. అది కూడా మీ దృష్టికి తెస్తున్నాను," అంది.

తిరుగు దారిలో ధనకొండ గేదెల వంక చూసి, "పదిహేడు గారు ఇయ్యాల చెయ్యి కదిపారండీ. ఎప్పుడూ కదపరు. వల జారిపోయింది," అంది.

ఆకు 4. గురువారం

అహ్మదున్నీసా గారు నా నివేదిక చదివి, టీ చివరి గుక్క వరకూ తాగి, గ్లాసు కింద పెట్టారు.

"సదాశివంగారూ. ఒక పెద్దావిడ పతకం అడిగారు. మీరు వెళ్ళి యుద్ధం తెచ్చారు."

"యుద్ధం కాదండీ. ఆక్షేపణ మాత్రమే."

"ఎన్ని తవ్వోడల ఆక్షేపణ?"

"నలభై ఒకటండి."

ఆమె లేచి కిటికీలోంచి ఊరివైపు చూశారు. ఇరవై వేలమంది, వాళ్ళ వంటిళ్ళు, రెండు బళ్ళు, ఒక పురిటి ఆసుపత్రి. "ఆవిడ ఇంజనీరని రాసి పారేయకూడదూ? ఒక్క ఆకు. ఎవరడుగుతారు?"

"లేనిది రాయలేనండి. ఉన్నది ఎక్కడుందో వెతుకుతాను."

"ఈ మాట అంటారనే భయపడ్డాను," అన్నారు. కానీ తన గంటం కూడా తీసుకుని నా పక్కన కూర్చున్నారు.

సాయంత్రం నాలుగు వరకూ వెతికాం. దొరికినది ఏడో నియమం: ఆపత్కాలంలో దళపతి ఎవరినైనా ఏ పదవిలోనైనా నోటిమాటతో నియమించవచ్చు, నియమితుడు అంగీకరించాలి, సవరణ శాఖ దాన్ని ఎంత ఆలస్యంగానైనా నమోదు చేయవచ్చు. కాబట్టి ప్రశ్న ఒక్కటే. ఆ రోజు దళపతి నోటిమాట ఏదైనా అన్నారా?

వరహాలమ్మగారిని పిలిపించాం. ఆమె ఆలోచించనవసరం లేకుండానే చెప్పారు.

"అనకేం! తిట్టాడు. పత్తరం రాసుకుని కట్ట మీదకి పోయి, 'దీని మీద ఇంజనీరు సంతకం కావాలి సార్, గుమస్తా ముద్దర కావాలి, ఎవరు పెడతారు?' అని అడిగా. అప్పటికి మూడు రోజుల్నించీ నిద్దర లేదు ఆయనకి. ఊదుడుగొట్టం నోటికి పెట్టుకునే, ఊరంతా వినేలాగ, 'నువ్వే ఇంజనీరువి పో! ఆ పడవోడే నీ గుమస్తా! ఇద్దరూ నా కళ్ళముందు నించి ఫొండి!' అన్నాడు. ఇంకో నాలుగు మాటలు కూడా అన్నాడు. అయ్యి మీ ఆకు మీద రాయలేవులే బాబూ. పడవెక్కాక సంతకం నేను పెట్టా, ముద్దర ఆడేశాడు."

నేను అహ్మదున్నీసా గారి వైపు చూశాను. ఆమె నా వైపు చూశారు.

"అది తిట్టు కదండీ," అన్నారామె.

"నియమంలో నోటిమాట అనే ఉందండి. ఏ గొంతుతో అనాలో లేదు."

"సాక్షి?"

"ఊదుడుగొట్టంలో అన్నారండి. తవ్వోడకు వినబడే ఉంటుంది."

ఆమె చాలాసేపు నవ్వారు. నవ్వు ఆగాక, రేపు తను కూడా వస్తానన్నారు. శిల్పికి ఉలి ఇచ్చి తిరిగి పుచ్చుకోవడానికి పట్టాభి ఎలాగూ వస్తాడు.

ఆకు 5. శుక్రవారం

పాతమొగ కట్ట మీద శిల్పి ఉదయం నుంచి పేర్లు చెక్కుతున్నాడు. పట్టాభి అతని వెనక నిలబడి ఉలినీ సూర్యుణ్ణీ మార్చి మార్చి చూస్తున్నాడు. చివరి వరుసలో ఒక పేరుకు చోటు వదలమని శిల్పితో చెప్పి, నేను, అహ్మదున్నీసా గారు, వరహాలమ్మగారు ధనకొండ పడవ ఎక్కాం. మూడు గంటలైంది. పదిహేడు గారి చేతుల మీద వలలు లేవు. గేదెలను ఎవరో విప్పి తీసుకెళ్ళారు. ఒక చెయ్యి నీటిలోకి దిగి ఉంది.

"స్వాగతం," అంది తవ్వోడ. పని పూర్తయిందని అనలేదు.

వరహాలమ్మగారు నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూశారు. "ఏంటయ్యా, ముప్పయ్యేళ్ళు కూకుని ఇప్పుడు లెగుద్దామనే?"

"హవల్దారుగారూ. మీరు కుశలమా? లేవాలని లేదు. గళ్ళు ఖాళీగా ఉన్నాయి."

నేను నా ప్రశ్న అడిగాను. ఆ రోజు కట్ట మీద నుంచి దళపతి అన్న మాటలు దాని వద్ద ఉన్నాయా?

"ఉన్నాయి. వినిపిస్తాను."

వాన చప్పుడు వినిపించింది. దాని మీదుగా, ఏనాడో పోయిన మనిషి గొంతు ఏరంతా మారుమోగింది: "నువ్వే ఇంజనీరువి పో! ఆ పడవోడే నీ గుమస్తా!" తర్వాతి నాలుగు మాటలూ వినిపించాయి. వరహాలమ్మగారు చెప్పింది నిజమే, ఆకు మీద రాయలేను. అహ్మదున్నీసా గారు ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయారు.

ఆ మాటల వెనకే, ఊదుడుగొట్టానికి దగ్గరగా, ఇంకో గొంతు వచ్చింది. నవ్వుతున్న గొంతు.

"ఎక్కండమ్మగోరూ, ఎక్కండి. గుమస్తానంట నేను! అలాగేనండీ దొరా, చేత్తానండీ! మా ధనకొండకి చెప్పాలి, మీ నాన్న గుమస్తా అయిపోయాడే అని."

తెడ్డు నీటిలో పడిన చప్పుడైంది. అది ఆ నాటిదో ఇప్పటిదో నాకు వెంటనే తెలియలేదు. పడవ పక్కకు తిరిగింది. ధనకొండ చేతిలో తెడ్డు లేదు. వరహాలమ్మగారు వంగి నీటిలోంచి తెడ్డు తీసి, ఆమె ఒడిలో పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

"ఈ రెంటినీ అప్పుడే పరిశీలించాను," అంది తవ్వోడ. "మొదటిది తిట్టు. రెండోది వేళాకోళం. రెండూ ఉత్తర్వుగా గానీ అంగీకారంగా గానీ పరిగణించదగినవి కావు."

సూర్యుడు కట్టకు నాలుగు బెత్తెల ఎత్తున ఉన్నాడు. నా ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఇంత జాగ్రత్తగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

"ఆయన తిట్టిన తర్వాత, ఆ పని జరిగిందా?"

"జరిగింది."

"ఎవరిని అన్నారో వాళ్ళే చేశారా?"

"వాళ్ళే చేశారు."

"మా దళంలో, అన్న తర్వాత పని జరిగితే దాన్ని ఉత్తర్వంటారు. జరగకపోతే తిట్టంటారు. చేస్తానని నవ్వుతూ చెప్పి, చెప్పినట్టు చేస్తే దాన్ని అంగీకారమంటారు. చేయకపోతే వేళాకోళమంటారు."

"మా ఇంట్లో అన్నీ తిట్లేనయ్యా ఆ లెక్కన," అని వరహాలమ్మగారు గొణిగారు.

తవ్వోడ లోపల ఏదో చాలాసేపు తిరిగింది. నీటిలోని చెయ్యి ఒక మూర లేచి ఆగింది.

"ఈ నిర్వచనం నా వద్ద లేదు," అంది. "సముచితంగా ఉంది. చేర్చుకుంటున్నాను. సంఖ్యలు చెప్పండి."

గంటం తీశాను. ఆ ఏటి నియామక పట్టికలో చివరి సంఖ్య తర్వాతి రెండింటినీ ఆకు మీద గీశాను. తాడి వరహాలమ్మ, ఇంజనీరు, 6113. మోకా పోలిరాజు, గుమస్తా, 6114. అహ్మదున్నీసా గారు ముద్ర వేశారు. ఆకును తవ్వోడ కంటి ముందు పట్టుకున్నాను.

"ఒక చివరి గడి. నియామకాలు ఎప్పటివరకు?" అని అడిగింది తవ్వోడ.

"హవల్దారుగారు విరమించారు. గుమస్తాకు ముగింపు ఉత్తర్వు ఎవరూ ఇవ్వలేదు."

"అయితే కొనసాగుతోంది," అని నమోదు చేసుకుంది. "ఆక్షేపణ ఉపసంహరించాను. నలభైకీ తెలియజేశాను." తర్వాత, ఎంతో తృప్తిగా: "పని పూర్తయింది."

ఒడ్డు చేరేసరికి శిల్పి సిద్ధంగా ఉన్నాడు. దళంవారి పేర్ల వరుసలో, ప్రశంసా ఆకు అవసరం లేకుండా, సొంత హోదాతో, మోకా పోలిరాజు, గుమస్తా అని చెక్కడం మొదలుపెట్టాడు. ధనకొండ రాతి పక్కన చతికిలబడి ప్రతి అక్షరమూ పడుతుంటే చూసింది. సగంలో తల తిప్పకుండానే, "గుమస్తా అంటే పెద్ద ఉద్యోగమా పిన్నీ?" అని అడిగింది.

"పెద్దదే. గంటం పట్టుకుంటే దళపతి కూడా మన మాట వినాలి."

"ఇంకా ఒక్క అక్షరమండి," అన్నాడు శిల్పి.

"సూర్యుణ్ణి చూడండి," అన్నాడు పట్టాభి.

ఉలి సమయానికి వాపసు అయింది.

ఇక అర్జీ మాత్రం మిగిలింది. ప్రశంసా ఆకు రాసి పూర్తి చేశాను. దాన్ని కట్టలో గుచ్చే ముందు పట్టాభి మా మధ్యకు వచ్చి, ఆమె సామానుల పట్టీని రెండు చేతులతో పట్టుకున్నాడు. అతని ముఖంలో నిజమైన బాధ కనిపించింది.

"నాకూ ఇష్టమేనండి. కానీ బిళ్ళ వాపసు రానిదే ఆకు గుచ్చడానికి లేదండి. ఒక్కసారి ఆ బిళ్ళ ఇచ్చేయండి, మామ్మగారూ. వెంటనే తిరిగి ఇచ్చేస్తాను. రేపొద్దున్న పదింటికి."

వరహాలమ్మగారు నవ్వలేదు. ఏటివైపు ముఖం తిప్పుకున్నారు, సోమవారం లాగే.

"ఆ వేళే ఇచ్చేశాను బాబూ. మెళ్ళో ఏశారు, చప్పట్లు కొట్టారు. ఆడు పోయి అప్పటికి ఐదు రోజులు. నాకొక్కదానికేంటి అనిపించింది. సాయంత్రం పడవేసుకుని ఇక్కడికొచ్చి, ఆడు మునిగిన కాడ ఏట్లో ఏసేశాను. ఇవ్వాల్సినోడికి ఇచ్చేశాను."

పదకొండు బారలు, పడమరగా. నేను కట్ట అంచుకు నడిచి, గొంతెత్తి అడిగాను. "పదిహేడు గారూ! మీరు చెప్పిన ఆ లోహపు వస్తువు ఏమిటి? ఎప్పుడు నీట పడింది?"

"బిళ్ళ. ఒకవైపు నక్షత్రం," అని ఏటి మీదుగా సమాధానం వచ్చింది. "ధ్రువపత్రం తర్వాత ఐదో రోజు. సూర్యాస్తమయానికి నలభై నిమిషాల ముందు."

పట్టాభి వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. "సమయానికే పడిందండి," అన్నాడు, ఊపిరి వదులుతూ. వెంటనే మళ్ళీ దిగులు పడ్డాడు. "కానీ ఏట్లో వేస్తే వాపసు ఎలా అవుతుందండీ? గుమస్తా ఎవరో ఒకరు పుచ్చుకోవాలి కదండీ?"

"పుచ్చుకున్నారు," అన్నాను.

అతను నా వైపు చూశాడు, రాయి వైపు చూశాడు, చివరి వరుస చదివాడు. తర్వాత పట్టీని నా ముందు పెట్టి, ఎండ పడేలా తన నీడను పక్కకు తీసుకున్నాడు. గంటం వాపసు ఇవ్వడానికి నాకు ఇంకా కొంచెం వెలుగుంది. కొయ్య చెంబుకూ కొయ్య పారకూ మధ్య ముప్పై ఒక్క ఏళ్ళుగా ఖాళీగా ఉన్న గడి నింపాను:

"లోహపు బిళ్ళ, రిబ్బనుతో, ఒకటి. సూర్యాస్తమయానికి నలభై నిమిషాల ముందు వాపసు. పుచ్చుకున్నవారు: మోకా పోలిరాజు, గుమస్తా."